మైక్ తెరవగానే బ్లూటూత్ శబ్దం పాడైతే: నా అనుభవం

పర్లాకిమిడిలో మా పిన్ని, ఒడియా బడికి వెళ్లే తెలుగు పిల్లలకు సాయంత్రాలు ఆన్‌లైన్‌లో తెలుగు నేర్పుతుంది. లినక్స్ ల్యాప్‌టాప్, బ్లూటూత్ హెడ్‌సెట్. పాటలు బాగానే వినిపించేవి. క్లాసు మొదలై మైక్ తెరుచుకోగానే పిల్లల గొంతులు బావిలోంచి వచ్చినట్టుండేవి. "ఎవరు శ అన్నారో, ఎవరు స అన్నారో తెలియట్లేదురా" అని పిన్ని బాధ.

హెడ్‌సెట్ మార్చేద్దామన్నారు ఇంట్లో. కానీ లోపం దానిది కాదు. క్లాసిక్ బ్లూటూత్‌లో మంచి నాణ్యతతో శబ్దం పంపే ఏ2డీపీ ప్రొఫైల్ (శబ్దం పంపే పద్ధతి) మామూలుగా ఒకవైపే, అంటే ల్యాప్‌టాప్ నుంచి హెడ్‌సెట్‌కే నడుస్తుంది. హెడ్‌సెట్ మైక్ కూడా కావాలంటే రెండువైపులా మాటలు పంపే హెచ్‌ఎఫ్‌పీ ప్రొఫైల్‌కి మారాలి. అందులో పాత సీవీఎస్‌డీ కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) సెకనుకు 8,000 శాంపిళ్లే, అంటే శబ్దపు నమూనాలే తీసుకుంటుంది, ఎంఎస్‌బీసీ అనే కోడెక్ అయితే 16,000. శాంపిళ్లు తగ్గితే పై పౌనఃపున్యాలు, అంటే సన్నని శబ్దాలు పోతాయి. శ, స లాంటి హల్లుల పదునంతా పై పౌనఃపున్యాల్లోనే ఉంటుంది కాబట్టి ముందు పోయేది అదే. లినక్స్‌లో ఈ పనులు మూడు ప్రోగ్రాములు చేస్తాయి: బ్లూజెడ్ హెడ్‌సెట్‌ని జత కలుపుతుంది, పైప్‌వైర్ శబ్దాన్ని నడిపిస్తుంది, ప్రొఫైల్ మార్చేది వైర్‌ప్లంబర్.

వైర్‌ప్లంబర్‌లో హెడ్‌సెట్ ప్రొఫైల్‌కి తనంతట తానే మారే సెట్టింగ్ ఆపేసి, మైక్‌గా ల్యాప్‌టాప్‌దే పెట్టాను. అంతే, గొంతులు తేటపడ్డాయి.

2024లో వచ్చిన వైర్‌ప్లంబర్ 0.5 వెర్షన్ నుంచి లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాత సెట్టింగ్ ఫైళ్లు పనిచేయవు, పాత సలహాలు చూసి టెన్షన్ పడకండి. కొత్త ఫైలు మీ హోమ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ (.config) ఫోల్డర్‌లోనే పెట్టండి. సిస్టమ్ ఫోల్డర్‌లో మారిస్తే అప్‌డేట్ తుడిచేయొచ్చు. ల్యాప్‌టాప్ మైక్ ఫ్యాన్ చప్పుడు కూడా పట్టేస్తుంది. అది ఇబ్బంది పెడితే మామూలు వైర్ మైక్ ఒకటి తగిలించుకోండి.