కొత్త డెస్క్‌టాప్, 4వ పాఠం: ప్రాసెసర్ వేడిలోంచి గది వేడిని తీసెయ్యండి

గత పాఠంలో కూలర్ బిగించి, దాని ఫ్యాను వైరు బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసున్న పిన్నులకే తగిలించి, విండోస్ ఎక్కించే దాకా వచ్చాం. ఇక్కడ దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. కంప్యూటర్ లోపలి వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం తెరుస్తారు, ప్రాసెసర్ వేడి 84 డిగ్రీలని కనిపిస్తుంది, గుండె గుభేలుమంటుంది. అదే ప్రాసెసర్, అదే కూలర్ పెట్టి యూట్యూబులో ఎవరో 68 చూపిస్తారు. ఇంకేముంది, కొత్త కూలర్ కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కి బస్సెక్కడమే. ఎక్కే ముందు ఒక తీసివేత లెక్క చెయ్యండి.

ఫ్యానుతో చల్లబరిచే ప్రాసెసర్ ఏదైనా సరే, గదిలో గాలి కంటే చల్లగా ఉండలేదు. ప్రాసెసర్‌కీ ఆ గాలికీ మధ్య తేడా ఎక్కువ కాకుండా పట్టి ఉంచడమే కూలర్ పని. ఆ తేడాని ఈ పాఠాల్లో 'పెరుగుదల' అందాం. వీడియోలో గది ఏసీతో 22 డిగ్రీలు ఉందనుకోండి. 68లోంచి 22 తీసేస్తే పెరుగుదల 46. రోహిణి కార్తెలో తిరుపతిలో మిద్దె మీది గది మధ్యాహ్నం పూట 38కి పోవడం వింతేం కాదు. 84లోంచి 38 తీసేసినా 46 మిగులుతుంది. రెండు కూలర్లూ సరిసమానంగా పనిచేస్తున్నాయి. ఎండని మీరు కూలర్ ఖాతాలో రాశారు, అంతే. మదనపల్లెలో ఉన్న స్నేహితుడి అంకెతో పోల్చుకున్నా ఇదే చిక్కు. ఆ ఊరు ఎత్తు మీద ఉంది, అక్కడి మే నెల వేరు.

గది వేడి కోసం ఫోనులో వాతావరణం చూడకండి. అది బయటి గాలి లెక్క. పగలంతా ఎండకి కాగిన స్లాబు కింద రాత్రి తొమ్మిదికి కూడా గది బయటి కంటే వేడిగా ఉంటుంది. గోడకి తగిలించే చిన్న డిజిటల్ థర్మామీటర్ కొని, దాన్ని గోడకి కాకుండా క్యాబినెట్ ముందు, గాలి లోపలికి పోయే చోటుకి జానెడు దూరంలో పెట్టండి. ప్రాసెసర్‌కి అందేది ఆ గాలే. సీలింగ్ ఫ్యాన్ వేస్తే మీకు చల్లగా ఉంటుంది, థర్మామీటర్‌కి ఉండదు. పైగా స్లాబు కింద నిలిచిన వేడి గాలిని కిందికి తోస్తుంది. కాబట్టి కొలిచేటప్పుడు, మీరు రోజూ ఎలా కూర్చుంటారో ఫ్యాను, కిటికీ అలాగే ఉంచండి.

ఇప్పుడు కొలత. హెచ్‌డబ్ల్యూఇన్ఫోని సెన్సర్స్ ఓన్లీ టిక్కు పెట్టి తెరవండి. రైజెన్ అయితే టీసీటీఎల్/టీడై అన్న వరస, ఇంటెల్ అయితే సీపీయూ ప్యాకేజ్ అన్న వరస చూడాలి. పది రకాల ఉష్ణోగ్రతలు కనిపిస్తాయి, మిగతావాటిని ఇప్పటికి వదిలెయ్యండి. ఒక పావుగంట సిస్టమ్‌ని ఊరికే ఉంచి, ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రాంలో మల్టీ కోర్ పరీక్ష నడపండి. అది మామూలు సెట్టింగుల్లో పది నిమిషాలు తిరుగుతుంది. ఎనిమిదో నిమిషంలో హెచ్‌డబ్ల్యూఇన్ఫో కింద ఉన్న గడియారం బొమ్మ నొక్కితే పాత లెక్కలు చెరిగిపోతాయి. పరీక్ష ముగిసే ముందు యావరేజ్ గడిలో ఉన్న అంకె రాసుకోండి. మ్యాగ్జిమమ్ గడి చూసి కంగారు పడేవాళ్లే ఎక్కువ. బ్రౌజర్ తెరిచినా క్షణం పాటు 15 డిగ్రీలు ఎగిరి దిగడం ఈ కాలపు ప్రాసెసర్లకి అలవాటు, ఆ గడి ఆ ఎగురుడునే పట్టుకుని కూర్చుంటుంది. అదే సమయంలో సీపీయూ ప్యాకేజ్ పవర్ దగ్గర ఎన్ని వాట్లున్నాయో, గది థర్మామీటర్ ఎంత చూపిస్తోందో కూడా రాసుకోండి. లినక్స్ వాళ్లు ఎల్ఎం-సెన్సర్స్ వేసుకుని టెర్మినల్లో సెన్సర్స్ అని కొడితే ఉష్ణోగ్రత కనిపిస్తుంది.

వాట్లు ఎందుకంటే, పెరుగుదల వాట్లని బట్టి నడుస్తుంది. రైజెన్ 5 5600 తీసుకుందాం. డబ్బా మీద 65 వాట్లని ఉంటుంది గానీ, దానికి ఏఎండీ ఇచ్చిన పరిమితి 76 వాట్లు. దాంతో వచ్చే చిన్న కూలర్‌తోనే జనవరిలో కొలిచారు: గది 26, ప్రాసెసర్ 76 అనుకుందాం. పెరుగుదల 50. దాన్ని 76 వాట్లతో భాగిస్తే వాటుకి 0.66 డిగ్రీ. మీ కూలర్ అసలు జాతకం ఈ అంకె. దీన్ని పట్టుకుని మే నెల ఎలా ఉంటుందో జనవరిలోనే చెప్పెయ్యొచ్చు: గది 39 అయితే 39, 50 కలిపి 89. ఈ ప్రాసెసర్‌కి పై హద్దు 90. ఒక్క డిగ్రీ మిగిలింది. దుమ్ము ఆ ఒక్కటీ తినేస్తుంది.

అప్పుడు రెండు దారులు. బయాస్‌లో, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, పరిమితిని 76 నుంచి 65 వాట్లకి దించితే 65 ఇంటూ 0.66, అంటే 43. గదితో కలిపి 82. వీడియో రెండరింగ్ కాస్త నిదానిస్తుంది, ఆటలు మాత్రం మామూలుగా అన్ని వాట్లు అడగవు. లేదా వాటుకి అర డిగ్రీ దగ్గరికి దించే టవర్ కూలర్ పెడితే 76 వాట్లకీ పెరుగుదల 38, మొత్తం 77. మా ఓటు ముందు మొదటి దారికే, దానికి రూపాయి ఖర్చు లేదు. టవర్ కూలరే కావాలనుకుంటే క్యాబినెట్ వెడల్పు చూసుకోండి. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్లు చాలావరకు 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, సన్న క్యాబినెట్లో పక్క అద్దం మూతపడదు.

ఒక మెలిక ఉంది. హద్దు తగిలాక ఈ లెక్క పనిచెయ్యదు. 5600కి 90, ఇంటెల్ ఐ5-12400కి 100, రైజెన్ 5 7600ఎక్స్‌కి 95 హద్దు. అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుని ఆ అంకె దగ్గరే నిలబడుతుంది. కాబట్టి అంకె కదలకుండా హద్దు మీదే ఉంటే పెరుగుదల ఎంతో మీకు తెలియనట్టే. అప్పుడు ప్రాసెసర్ వేగం చూపించే క్లాక్ వరస చూడండి. మెగాహెర్ట్జ్ మెల్లగా జారుతుంటే వేడి వల్ల వేగం పోతోందన్నమాట. ఇంటెల్‌లో థర్మల్ థ్రాట్లింగ్ వరసలో యెస్ అని కూడా కనిపిస్తుంది. 7600ఎక్స్ లాంటివాటి సంగతి వేరు: పూర్తి బరువు పడితే 95 దాకా పోయేలాగే వాటిని తయారుచేశారు. వాటి విషయంలో ఉష్ణోగ్రత కంటే వేగం చూడటమే తెలివి.

లెక్క వేశాక పెరుగుదల నిజంగానే 60, 65 అని వచ్చిందా? ఇప్పుడు తప్పు వెతకాలి. తప్పు ఎక్కడుందో వేడి ఎక్కే తీరే చెబుతుంది. పరీక్ష మొదలైన రెండు మూడు సెకన్లలోనే హద్దుకి కొట్టుకుంటే, వేడి ప్రాసెసర్ నుంచి కూలర్‌లోకి దిగడం లేదు. మొదట ఒక చోట ఆగి, ఐదు పది నిమిషాల్లో మెల్లగా పైకి పాకుతుంటే, వేడి కూలర్ దాకా వచ్చింది గానీ క్యాబినెట్ దాటి బయటికి పోవడం లేదు.

మొదటి రకాన్ని చేత్తోనే నిర్ధారించుకోవచ్చు. పరీక్ష ఐదు నిమిషాలు నడిపి, సిస్టమ్ ఆపేసి, ఫ్యాను పూర్తిగా నిలిచాక హీట్‌సింక్, అంటే కూలర్ లోహపు దిమ్మ, అడుగు భాగం తాకండి. తెర మీద 95 ఉన్నప్పుడు అక్కడ బాగా వేడిగా తగలాలి. గోరువెచ్చగా ఉంటే అతుకు లోపమే. టవర్ కూలర్ అయితే అడుగున అంటించి వచ్చే పారదర్శక ప్లాస్టిక్ పొర తీయలేదేమో, మొట్టమొదట అనుమానించాల్సింది దాన్నే. ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్ అయితే నాలుగు ప్లాస్టిక్ మేకుల్లో ఒకటి దిగి ఉండదు. బోర్డు వెనక నుంచి చూడండి: తెల్ల కాళ్లు నాలుగూ పూర్తిగా బయటికొచ్చి, మధ్యలోకి నల్ల మేకు దిగి అవి విచ్చుకుని ఉండాలి. దిగని మేకు ఉంటే దాని తలని బాణం గుర్తుకి ఎదురు దిక్కులో చివరిదాకా తిప్పి, టక్కుమనే దాకా నొక్కండి. బాణం చూపించే దిక్కు ఊడదీయడానికి. ఈ ఒక్కటి తిరగేసి అర్థం చేసుకుని పాట్లు పడేవాళ్లు ఎందరో.

కూలర్ ఊడదియ్యాల్సి వస్తే చల్లగా ఉన్నప్పుడు లాగకండి. ముఖ్యంగా 5600 లాంటి రైజెన్లు కూర్చునే ఏఎం4 సాకెట్ బోర్డుల్లో, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే పాత పేస్టు జిగురులా పట్టేసి, తాళం వేసి ఉన్నా ప్రాసెసర్ సాకెట్లోంచి కూలర్‌తో పాటే ఊడొస్తుంది, కాళ్లు వంగుతాయి. ఐదు నిమిషాలు పని పెట్టి వెచ్చబరిచి, సిస్టమ్ ఆపి, ప్లగ్గు తీసి, స్క్రూలు ఎదురెదురు మూలల వరసలో వదులు చేసి, కూలర్‌ని అటూ ఇటూ మెలితిప్పి ఎత్తండి. అడుగున పేస్టు ముద్ర చూడండి. మధ్యలో లోహం కనిపించీ కనిపించనంత పల్చగా, అంచుల్లో మందంగా ఉంటే బాగా కూర్చుంది. ఒక మూల మాత్రమే మందంగా ఉంటే ఆ మూల స్క్రూ బిగియలేదు.

పాత పేస్టు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సెల్‌ఫోన్ రిపేరు సామాన్ల అంగళ్లలో దొరుకుతుంది. చేతులకి రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో కలిపే గ్లిజరిన్ జిడ్డు పొరలా మిగిలిపోతుంది. కొత్త పేస్టు ఏఎం4కి మధ్యలో కందిగింజంత ఒక్క చుక్క. నిలువుగా పొడుగ్గా ఉండే ఇంటెల్ 12, 13, 14 తరాలకి అదే పరిమాణాన్ని సన్న గీతలా పెట్టండి. వేలితో పులమకండి, కూలర్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది.

రెండో రకం, మెల్లగా పాకే వేడి, తేలిక. క్యాబినెట్ పక్క మూత తీసి అదే పరీక్ష మళ్లీ నడపండి. ఐదు డిగ్రీలకి మించి తగ్గితే కూలర్‌ది తప్పు కాదు, గాలిది. ముందు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఫ్యాను బయటికి తోస్తున్నాయో లేదో పలచటి కాగితం ముక్క పట్టుకుని చూడండి. ఫ్యాను చట్రానికి అడ్డపట్టీలున్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. కానీ మన ఇళ్లలో అసలు దొంగ కంప్యూటర్ టేబుల్. సీపీయూ కోసమని దాంట్లో ఒక అర ఇస్తాడు, మూడు వైపులా చెక్క. బయటికి తోసిన వేడి గాలే తిరిగి ముందు నుంచి లోపలికి పోతుంది. పెట్టె వెనక ఒక జానెడు ఖాళీ లేకపోతే ఎంత మంచి కూలరూ ఏమీ చెయ్యలేదు. తీసి పక్కన స్టూలు మీద పెట్టి కొలవండి. పక్కనే యూపీఎస్ ఉంటే దాన్నీ జరపండి.

వచ్చే పాఠానికి మూడు అంకెలు తయారుగా పెట్టుకోండి: గది ఎంత, ప్రాసెసర్ ఎంత, ఎన్ని వాట్లు. ఉదయం ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలవండి. రెండు పెరుగుదలలూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉంటే మీ కొలత సరిగ్గా ఉన్నట్టే. ఆ అంకెలతోనే బయాస్‌లో, ఏ వేడికి ఫ్యాను ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత గీసుకుందాం.