ఒకటో తరగతి పిల్లలకు చదువుడు ఎట్ల నేర్పాలె

మన తెలంగాణల జూన్ 12కు బళ్ళు తెరుస్తరు, ఆ వారంలనే మన టీచర్లల్ల చాలామందిమి చేసే పని అ నుంచి ఱ దాకా బోర్డు మీద రాసి వల్లె వేయించుడు. నేను కూడ మొదటేడు అదే చేసిన. దసరా సెలవులకల్లా మా పరకాల దిక్కు ఊరి పిల్లలు గడగడ చెప్పిన్రు, మస్తు సంతోషమైంది, కానీ ఒక పాపకు 'ట' ఒక్కటే చూపెట్టి ఇదేంది బిడ్డా అంటే క కాడి నుంచి మొదలువెట్టి వేళ్ళమీద లెక్క వెట్టుకుంట వచ్చి చెప్పింది. ఆమెకు వరుస వచ్చింది, అక్షరం రాలేదు.

అందుకే ముందు ఓ పది పదిహేను రోజులు రాయించొద్దు, మాట్లాడించుండ్రి. ఇంట్ల ఏం కూర, ఎవరి బర్రె ఈనింది, ఏదైనా సరే. ఆ మాటలనే చప్పట్లతోని విడగొట్టించాలె, త-ల అంటే రెండు, ప-ల-క అంటే మూడు. తెలుగుల దాదాపు ఒక అక్షరానికి ఒక చప్పట పడుతది కాబట్టి పిల్లలకు ఇది తొందరగ పడుతది.

తర్వాత త, ల, క, ప, డ. ఈ ఐదే. పాత పెండ్లి కార్డుల వెనుక పెద్దగ రాసి కింద పరిచి తల, కల, పలక, కలప, తడక, పడక పేర్పించుండ్రి. నడుమ 'లతప' లాంటి అర్థం లేని మాట కూడ పెట్టాలె, అక్షరం నిజంగ వచ్చినోళ్ళే దాన్ని చదువుతరు. ప, వ ఒక్క వారంల చెప్పకుండ్రి, రెండూ ఒక తీరుగనే కనవడతయి, ఒకటి గట్టిపడ్డంకనే రెండోది.

గుణింతం కాడ నా మాట కొంచెం గట్టిగనే ఉంటది, క నుంచి కః దాకా ఒక్కపారి చెప్పించుడు పిల్లలకు బరువు. దీర్ఘం తీసుకొని వచ్చిన అక్షరాలన్నిటికీ పెట్టించుండ్రి, అదే రోజు తాత, పాప, కాక చదువుతరు. గుడి వస్తే కాకి, పిడక, పిలక. కొమ్ము కాడ పు, వు విడిగ చూపెట్టాలె, వాటికి కొమ్ము కిందికెళ్ళి వస్తది, వ పక్కకు పెడితే మ లెక్క అయితది. ఒత్తులల్ల ముందు అక్క, అవ్వ, బువ్వ. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరం లెక్క ఉండయి కాబట్టి వాటికి ఎక్కువ రోజులు కావాలె.

మహబూబాబాద్ దిక్కు తండా బడిల చేసినప్పుడు అమ్మ బొమ్మ చూపెడితే పిల్లలు వాళ్ళ లంబాడ భాషల 'యాడి' అన్నరు. అది తప్పు కాదు, ముందు వాళ్ళ మాట ఒప్పుకొని తర్వాత మన మాట చెప్పాలె, ములుగు దిక్కు కోయ పిల్లలకైనా అంతే. అంగి అన్న పిల్లగాన్ని చొక్కా అనాలె అని సగంల ఆపితే మళ్ళ నోరు తెరువడు.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇది: పిల్ల చెప్పిన ముచ్చటను చెప్పింది చెప్పినట్టే రాసుడు. 'మా అవ్వ మక్కకంకులు కాల్చింది' అని బోర్డు మీద రాసి వేలు పెట్టి చదివిస్తే, అందుల ఏముందో ఆమెకు ముందే ఎరుక, సగం అక్షరాలు రాకున్నా చదువుతది, రానియి గుర్తువడతది.

మన రాష్ట్రంల 2022ల ప్రాథమిక బడుల పిల్లలకు చదువుడు, లెక్కలు నేర్పే 'తొలిమెట్టు' అనే సర్కారు కార్యక్రమం మొదలైంది, పిల్లల స్థాయి చూసి నేర్పుడే అందుల అసలు ముచ్చట. నేను శనివారం ఒక్కొక్కరికి ఐదు కార్డులు కలిపి చూపెడుత, రెండు నిమిషాల పని. బొమ్మ చూసి చెప్తున్నడని అనుమానమొస్తే బొమ్మ మీద చెయ్యి పెట్టి చదివించుండ్రి, ఆగిపోతే గదమాయించొద్దు, ఏ అక్షరం కాడ ఆగిండో నోట్‌బుక్కుల రాసుకొని తెల్లారి ఆ కార్డుతోనే మొదలువెట్టుండ్రి.