కారు కొనేటప్పుడు కార్డు గీకితే వచ్చే చిక్కులు, వాటి విరుగుళ్లు

టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేశారు. పంతులుగారు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు. క్యాష్ కౌంటర్‌లో మాత్రం మెషీన్ మూడోసారి కూడా కుయ్‌మని 'డిక్లైన్డ్' అని చూపించింది. మా బావగారి కారు డెలివరీ రోజు సంగతి ఇది. క్రెడిట్ కార్డు లిమిట్ 4 లక్షలు, గీకింది 2 లక్షలు, పాత బాకీ ఒక్క రూపాయి లేదు. బావగారి మొహం ఎర్రబడింది. అక్క గడియారం చూసుకుంటోంది. 'వర్జ్యం దగ్గరపడుతోందమ్మా' అని పంతులుగారు. ఆ పావుగంట టెన్షన్‌లో తెలిసినవీ, తర్వాత తెలిసినవాళ్ల కార్ల దగ్గర చూసినవీ కలిపి రాస్తున్నాను.

సమస్య: లిమిట్ ఉంది, అయినా డిక్లైన్

ముందు బ్యాంకు యాప్ తెరవండి. కార్డు లిమిట్ వేరు, షాపులో గీకడానికి పెట్టిన హద్దు వేరు. షాపు మెషీన్, ఆన్‌లైన్, ట్యాప్, విదేశీ వాడకం, వీటిని విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకునే వీలు, హద్దు పెట్టుకునే వీలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో బ్యాంకులను ఆదేశించింది. మంచి పనే. కానీ ఆ హద్దు ఎప్పుడో పెట్టుకుని మనమే మర్చిపోతాం. బావగారు ఏదో కార్డు మోసం వార్త చదివి షాపు వాడకానికి లక్ష అని పెట్టుకున్నారట. మార్చాలంటే ఓటీపీ కావాలి. కౌంటరేమో సెల్లార్‌లో ఉంది, సిగ్నల్ సున్నా. మెట్లెక్కి రోడ్డు మీదికి పోయి, ఎండలో నిలబడి ఓటీపీ పట్టుకొచ్చారు. నాలుగోసారి గీకితే వెళ్లింది. ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని చేసుంటే రెండు నిమిషాల పని.

యాప్‌లో అన్నీ సరిగ్గానే ఉంటే మెషీన్ తెర మీదో, స్లిప్పు మీదో రెండంకెల కోడ్ ఉందేమో చూడమనండి. కౌంటర్ అబ్బాయి దేనికైనా 'సర్వర్ డౌన్ సార్' అనేస్తాడు. 51 అంటే లిమిట్ చాలలేదు. 61 అంటే మొత్తం మీద పెట్టిన హద్దు దాటింది. 55 తప్పు పిన్, 75 తప్పు పిన్ మరీ ఎక్కువసార్లు కొట్టారు. 91 వస్తేనే బ్యాంకు వైపు సిస్టమ్ పలకడం లేదని అర్థం, కాసేపు ఆగాలి. 05 ఉంటే బ్యాంకు కారణం చెప్పకుండా కాదన్నట్టు. కిరాణాకూ పెట్రోలుకూ తప్ప వాడని కార్డు మీద ఒక్కసారిగా లక్షలు పడితే, కార్డు ఎవరో కొట్టేశారేమోనని బ్యాంకు ఆపేస్తుంది. అప్పుడు మళ్లీ మళ్లీ గీకితే అనుమానం ఇంకా పెరుగుతుంది. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి, 'ఇది నేనే, కారు కొంటున్నాను' అని చెప్పండి.

ఇవేవీ కాకపోతే షోరూమ్ మెషీన్‌కే ఒక్క లావాదేవీకి హద్దు ఉండొచ్చు. రెండు ముక్కలుగా గీకించండి. రెండూ సమానంగా వద్దు. 1,00,000 రెండుసార్లు పడితే ఒకటి పొరపాటున పడిందని అనుకునే ప్రమాదం ఉంది. 1,10,000, 90,000 అంటే ఆ గొడవ లేదు.

లిమిట్టే చాలనప్పుడు కార్డులో ముందుగా డబ్బు వేసి పెంచుకోమని కొందరు సలహా ఇస్తారు. అలా అదనంగా వేసింది వెనక్కి పంపేసే బ్యాంకులున్నాయి. తాత్కాలికంగా లిమిట్ పెంచమని వారం ముందే అడగడం నయం.

సమస్య: 'కార్డైతే 2 శాతం ఎక్స్‌ట్రా'

కార్డు గీకిన ప్రతిసారీ షోరూమ్‌కు పూర్తి సొమ్ము రాదు. కార్డు ఇచ్చిన బ్యాంకు, వీసా, రూపే లాంటి కార్డు నెట్‌వర్క్, మెషీన్ పెట్టిన బ్యాంకు, ఈ ముగ్గురి వాటా పోను మిగిలిందే చేతికొస్తుంది. కొత్త కారు మీద డీలరుకు మిగిలేదే తక్కువ, డిస్కౌంట్ అడిగి అందులోనూ మనం గిల్లేసి ఉంటాం. అందుకే చాలాచోట్ల బుకింగ్ అమౌంట్ వరకు ఊరికే గీకనిచ్చి, ఆ పైన చార్జీ అంటారు. నాకిందులో డీలరు మీద పెద్దగా కోపం లేదు. డెలివరీ రోజు దాకా చెప్పకుండా దాచడం మీదే కోపం.

లెక్క వేసుకోండి. 2 లక్షల మీద 2 శాతం 4,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 720. మొత్తం 4,720. మీ కార్డు రివార్డు ఒక శాతమైతే వచ్చేది 2,000. అంటే పాయింట్ల కోసం 2,720 చేతి నుంచి వదిలించుకున్నట్టు. ఏడాది ఫీజు మాఫీకి ఇంకాస్త ఖర్చు చూపించాల్సి ఉంటే తప్ప ఇది గిట్టుబాటు కాదు.

ఏం చేయొచ్చంటే, కొటేషన్ రాయించుకునే రోజే 'కార్డు ఎంతవరకు, చార్జీ ఎంత' అని అదే కాగితం మీద రాయించండి. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూలేమీ లేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో నేరుగా కొని అక్కడ కార్డు వాడండి. ధర పోల్చుకున్నట్టూ ఉంటుంది.

డెబిట్ కార్డుకూ 2 శాతం అంటే మాత్రం ఒప్పుకోకండి. పెద్ద వ్యాపారులకు డెబిట్ కార్డు చార్జీ 0.9 శాతం మించకూడదని, ఒక లావాదేవీకి 1,000 రూపాయలు దాటకూడదని, అది కొనేవాడి మీద వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2018 జనవరి నుంచీ ఉంది.

ఇంకో సంగతి. బిల్లులో ఒక శాతం అదనంగా కనిపిస్తే అది కార్డు చార్జీ కాకపోవచ్చు. కారు విలువ 10 లక్షలు దాటితే డీలరు ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేయాలి, 2016 జూన్ నుంచీ ఉన్నదే. 12 లక్షల కారుకు 12,000. ఇది పోయే డబ్బు కాదు. మీ పాన్ నంబరు సరిగ్గా రాయించి, తర్వాత ఆదాయపు పన్ను శాఖ లెక్కల్లో మీ పేరున పడిందో లేదో చూసుకుని, రిటర్న్‌లో తీసుకోండి.

సమస్య: మెసేజ్ వచ్చింది, స్లిప్పు రాలేదు

ఫోన్‌లో 'స్పెంట్' అని మెసేజ్ పడింది. కౌంటర్‌లో మాత్రం 'రాలేదు సార్, మళ్లీ గీకండి' అంటారు. గీకితే రెండు లక్షలు నాలుగవుతాయి. ముందు మెషీన్‌లో ఆ రోజు లావాదేవీల జాబితా తీయించండి. అందులో అప్రూవ్ అయినట్టు ఉంటే స్లిప్పు కాపీ తీసుకుంటే చాలు. లేకపోతే మొదటిది తిరిగొచ్చేదాకా ఆగండి, లేదా ఆ సొమ్ము బ్యాంకు ఖాతా నుంచి నెఫ్ట్‌లోనో ఆర్టీజీఎస్‌లోనో పంపండి. స్లిప్పు రాకుండా డబ్బు కోతపడితే లావాదేవీ నాటి నుంచి 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 చొప్పున పరిహారం అని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు సర్క్యులర్ చెబుతోంది. ఆ మెసేజ్ చెరిపేయకండి.

సమస్య: గీకాక కార్ లోన్ ఆగింది

డౌన్ పేమెంట్ ముందే గీకేసి, తర్వాత లోన్‌కు అప్లై చేసినవాళ్లకు వచ్చే చిక్కు ఇది. 4 లక్షల లిమిట్‌లో మూడున్నర లక్షలు వాడేసినట్టు, మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌లో కనిపిస్తే, ఈయన చేతిలో డబ్బు లేదు కాబోలు అనుకుంటాడు లోన్ ఆఫీసరు. 2025 జనవరి నుంచి బ్యాంకులు ఈ వివరాలు పదిహేను రోజులకోసారైనా పంపాలి కాబట్టి త్వరగానే కనిపిస్తుంది. లోన్ శాంక్షన్ అయ్యాకే గీకండి. ముందే గీకేసి ఉంటే బిల్లు కోసం చూడకుండా ఇప్పుడే కట్టేసి, కట్టిన రసీదు ఆఫీసరుకు పంపండి.

సమస్య: బిల్లు వచ్చింది, డబ్బు లేదు

మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే చిన్న మొత్తం, కట్టి ఊపిరి పీల్చుకోవద్దు. వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే 2 లక్షల మీద 7,000, జీఎస్టీ 1,260. నెలకు 8,260, అదీ గీకిన రోజు నుంచే. ఆ నెలలో కొన్న పాలప్యాకెట్టుకు కూడా వడ్డీలేని గడువు పోతుంది. డ్యూ డేట్ లోపే ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగండి. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉన్నా మామూలు కార్డు వడ్డీ కంటే చాలా నయం. అయినా కార్ లోన్ కంటే ఖరీదే. లోన్ ఇంకా విడుదల కాకపోయి ఉంటే ఆ రెండు లక్షలు కూడా లోన్‌లోనే కలపమని అడిగి చూడండి.

సమస్య: బామ్మర్ది కార్డు, ఐటీ నోటీసు

'నా కార్డు గీకు బావా, పాయింట్లు నాకు, డబ్బు నాకు వేసెయ్' అంటాడు బామ్మర్ది. ఒక ఆర్థిక సంవత్సరంలో కార్డు బిల్లుల కింద 10 లక్షలు, లేదా నగదుగా లక్ష కడితే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు చెప్పాలి. ఆ ఖర్చు అతని పాన్ మీద పడుతుంది, అతని జీతమేమో అంత ఉండదు. మీరు తిరిగిచ్చేది బ్యాంకు ఖాతా నుంచే, 'కారు డబ్బు' అని రాసి పంపండి. అడిగితే చూపించుకోవడానికి ఆధారం ఉంటుంది. చేతికి నగదు ఇస్తే అతని దగ్గర ఏమీ మిగలదు.

సమస్య: బుకింగ్ క్యాన్సిల్, రిఫండ్ రాలేదు

గీకిన కార్డుకే వెనక్కి వేయమని అడగండి, నగదుగా ఇస్తామంటే వద్దనండి. రద్దు చార్జీ ఎంతో బుకింగ్ ఫారంలో ఉంటుంది, సంతకం పెట్టేముందే చూసుకోవాలి. రిఫండ్ వస్తుందిలే అని ఆ నెల బిల్లు మాత్రం ఆపకండి. షోరూమ్ ఆలస్యం చేసినా లేట్ ఫీజు పడేది మీకే. కట్టేశాక రిఫండ్ వస్తే అది కార్డులో క్రెడిట్‌గా ఉంటుంది, ఖాతాలోకి మార్చమని బ్యాంకుకు ఒక మెయిల్ పెట్టండి.