ఈసీటీకి తీసుకెళ్లే ముందు నర్సులు చూసుకోవాల్సినవి

ఈసీటీ అంటే మత్తిచ్చి, తలకు కొద్దిగా కరెంటు పెట్టి మూర్ఛ (ఫిట్స్) తెప్పించే మానసిక చికిత్స. అన్నిటికంటే ముందు కడుపు ఖాళీగా ఉందా? గట్టి ఆహారం కనీసం 6 గంటలు, మంచినీళ్లు 2 గంటల ముందే ఆపాలి, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. "ఏమీ తినలేదు" అన్నా సరే దిండు కింద బిస్కెట్ ముక్కలున్నాయేమో చూడండి, తిన్న సంగతి మర్చిపోయే పేషెంట్లుంటారు.

కట్టుడు పళ్లు తీయించండి, కదిలే పన్నుంటే డాక్టరుకు చెప్పండి. కండరాలు సడలించే మందిచ్చినా కరెంటుకు దవడ బిగుసుకుంటుంది.

రాత్రి నిద్రమాత్ర, ఫిట్స్ మందు వేశారా? అదీ చెప్పాలి, మూర్ఛ సరిగా రాకపోవచ్చు.

సమ్మతి పత్రం చూసి, మూత్రానికి పంపండి.

మెలకువ వచ్చాక టెన్షన్‌తో "నేనెక్కడున్నాను?" అని పదిసార్లు అడిగినా, పదిసార్లూ పేరు పెట్టి పిలిచి ఓపిగ్గా చెప్పండి, ఒంటరిగా మాత్రం వదలకండి.