కస్టమ్ రోమ్ వేశాక ఛార్జింగ్ ఎక్కట్లేదా? బ్యాటరీ మార్చే ముందు ఇవి చూడండి

కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి వేరేవాళ్ళు తయారుచేసిన ఆండ్రాయిడ్ (అదే కస్టమ్ రోమ్) వేశాక ఛార్జింగ్ తేడా కొడితే అందరూ ముందు బ్యాటరీ మీద పడతారు, కానీ నిన్నటిదాకా బాగా పనిచేసిన బ్యాటరీ రోమ్ వేసిన గంటలోనే పాడవ్వడం చాలా అరుదు. అసలు "ఛార్జ్ అవ్వట్లేదు" అనే మాటలోనే మూడు వేరు వేరు రోగాలు ఉన్నాయి. కరెంటు అసలు లోపలికి వెళ్ళకపోవడం ఒకటి, వెళ్తున్నా నత్తనడక నడవడం ఇంకొకటి, బాగానే ఎక్కుతున్నా శాతం తప్పుగా చూపించడం మూడోది. మీది ఏదో తేల్చుకోకుండా మళ్ళీ మళ్ళీ ఫ్లాష్ చేస్తూ (రోమ్ ఎక్కిస్తూ) కూర్చుంటే రాత్రి తెల్లారిపోతుంది తప్ప పని అవ్వదు.

తేల్చుకోవడానికి ఈజీ పద్ధతి, ఒకే ఛార్జర్ ఒకే కేబుల్ తో మూడు చోట్ల పెట్టి చూడండి: ఫోన్ ఆన్ లో ఉన్నప్పుడు, పూర్తిగా స్విచాఫ్ చేసి, రికవరీలో, అంటే రోమ్ ఎక్కించడానికి వాడే ప్రత్యేక మోడ్ లో (టీడబ్ల్యూఆర్‌పీ అనే రికవరీ అయితే శాతం పక్కన ప్లస్ గుర్తు వస్తుంది). ఆఫ్ లో బాగా ఎక్కి ఆన్ లో ఎక్కట్లేదంటే తప్పు ఆండ్రాయిడ్ వైపు ఉంది, అంటే సెట్టింగో యాప్ వాడకమో వేడో. రికవరీలో ఎక్కి, ఆఫ్ లోనూ ఆన్ లోనూ ఎక్కట్లేదంటే రోమ్ తో వచ్చిన కెర్నల్ ని (హార్డ్‌వేర్ ని నడిపే అడుగు పొర) అనుమానించాలి, ఎందుకంటే ఆఫ్ లో పెట్టినప్పుడు కనిపించే ఆ బ్యాటరీ బొమ్మ కూడా రోమ్ కెర్నల్ మీదే నడుస్తుంది. ఎక్కడా ఎక్కట్లేదంటే కేబుల్, పోర్టు, లేదా చిప్పుల లోపల నడిచే కంపెనీ ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్. ఇక్కడో చిన్న మెలిక, కొత్త ఫోన్లు చాలావాటిలో రికవరీ కూడా కెర్నల్ ఉండే బూట్ ఇమేజ్ ఫైల్ లోనే ఉంటుంది, అలాంటప్పుడు రెండింటికీ కెర్నల్ ఒకటే కాబట్టి రికవరీ టెస్టుతో పెద్దగా ఏం తెలీదు.

పోర్టు సంగతి ఒక్క ముక్కలో, ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్ తో లోపల దూది లాంటి చెత్త ఉందేమో మెల్లిగా తీయండి, పిన్నీసు మాత్రం పెట్టకండి.

ఇప్పుడు అసలు నంబర్లు చూద్దాం. కంప్యూటర్ నుంచి ఫోన్ కి కమాండ్లు పంపే ఏడీబీ షెల్ లో డంప్‌సిస్ బ్యాటరీ (dumpsys battery) అని కొడితే మొత్తం జాతకం వస్తుంది. స్టేటస్ 2 అంటే ఛార్జ్ అవుతోంది, 3 అంటే దిగుతోంది, 4 అంటే వైర్ పెట్టినా ఛార్జ్ చేయట్లేదు, 5 అంటే ఫుల్. హెల్త్ 2 ఉంటే మంచిది, 3 వస్తే వేడెక్కింది, 7 అయితే మరీ చల్లగా ఉంది. టెంపరేచర్ 325 అని ఉంటే 32.5 డిగ్రీలు అని చదువుకోవాలి, కంగారు పడకండి. మ్యాక్స్ ఛార్జింగ్ కరెంట్ మైక్రో ఆంపియర్లలో ఉంటుంది, 500000 అంటే 500 మిల్లీ ఆంపియర్లు, కొన్ని ఫోన్లలో ఈ లైన్ సున్నానే చూపిస్తుంది, అప్పుడు దాన్ని వదిలేయండి. చాలామంది పప్పులో కాలేసేది ఎక్కడంటే, ఫోన్ ని కంప్యూటర్ కి గుచ్చి ఈ కమాండ్ కొట్టి "అమ్మో 500 మాత్రమే వస్తోంది" అంటారు, కంప్యూటర్ పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేదే అంత కదా! ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్ ఉంది, ఫోన్ ని గోడ ఛార్జర్ కి పెట్టి వైఫై మీద కొట్టండి, అప్పుడే నిజం తెలుస్తుంది. గోడకి పెట్టినా ఏసీ పవర్డ్ ఫాల్స్, యూఎస్‌బీ పవర్డ్ ట్రూ అని వస్తుంటే ఫోన్ మీ ఛార్జర్ ని కంప్యూటర్ పోర్టు అనుకుంటోంది అన్నమాట, ముందు కేబుల్ మార్చి చూడండి, అందులో డేటా వైర్లు తెగినా ఇలాగే అవుతుంది. అప్డేట్స్ స్టాప్డ్ అనే లైన్ కనిపిస్తే ఎప్పుడో టెస్టింగ్ కోసం అన్‌ప్లగ్ కమాండ్ కొట్టి మర్చిపోయారని అర్థం, పై డంప్‌సిస్ బ్యాటరీ కమాండ్ చివర రీసెట్ అని కొడితే సరిపోతుంది, రీస్టార్ట్ చేసినా పోతుంది.

ఇక స్లో ఛార్జింగ్, ఎక్కువమంది గోల ఇదే. క్వాల్‌కామ్ క్విక్ ఛార్జ్ లాంటివి వోల్టేజ్ ని 5 నుంచి 9, 12 దాకా పెంచి పవర్ ఇస్తాయి, ఒప్పో వూక్, పాత వన్‌ప్లస్ డ్యాష్ మాత్రం వోల్టేజ్ 5 దగ్గరే ఉంచి 4 ఆంపియర్ల దాకా కరెంటు తోస్తాయి. ఏదైనా సరే ఛార్జరూ ఫోనూ ముందు మాట్లాడుకుని ఒప్పుకుంటేనే స్పీడ్ వస్తుంది, ఆ మాట్లాడే పని చేసే డ్రైవర్ కెర్నల్ లో సరిగ్గా లేకపోతే ఫోన్ మామూలు 5 వోల్టుల ఛార్జింగ్ కి పడిపోతుంది. అందుకే రోమ్ వేసే ముందు రోమ్ సైట్ లో మీ ఫోన్ మోడల్ పేజీలో "ఏం పనిచేయట్లేదు" అనే లిస్టు చదవండి, అక్కడ ఫాస్ట్ ఛార్జింగ్ ఉందంటే మీరు తలకిందులుగా తపస్సు చేసినా రాదు, డెవలపర్ ఫిక్స్ చేసేదాకా ఆగాలి. ఇంకోటి, స్క్రీన్ మీద "టర్బో" అనో "వార్ప్" అనో యానిమేషన్ రాలేదని స్పీడ్ లేదనుకోకండి, ఆ బొమ్మ కంపెనీ సాఫ్ట్‌వేర్ ది, రోమ్ లో ఉండకపోవచ్చు. ఎంత కరెంటు ఎక్కుతోందో చూపించే ఆంపియర్ లాంటి యాప్ పెట్టి స్క్రీన్ డిమ్ చేసి, బ్యాటరీ 50 లోపు ఉన్నప్పుడు చూడండి. 85 దాటాక ఏ ఫోనైనా నెమ్మదిస్తుంది.

రెడ్‌మీ, పోకో వాళ్ళు ఫర్మ్‌వేర్ దగ్గర జాగ్రత్త. చాలా రోమ్ జిప్పుల్లో ఫర్మ్‌వేర్ ఉండదు, పాత మీయూఐ (షావోమీ సొంత సాఫ్ట్‌వేర్) మీద ఉన్నది అలాగే మిగిలిపోతుంది. స్నాప్‌డ్రాగన్ 888 తరం నుంచి ఛార్జింగ్ పని చాలావరకు ఏడీఎస్‌పీ అనే వేరే చిన్న ప్రాసెసర్ లో నడిచే ఫర్మ్‌వేర్ చేతికి వెళ్ళిపోయింది, కెర్నల్ దాన్ని అడిగి తెలుసుకోవడమే. ఆ రెండింటికీ పొసగకపోతే ఛార్జింగ్ ఉండదు, శాతం కూడా పిచ్చి పిచ్చిగా చూపిస్తుంది. రోమ్ వాళ్ళు ఏ ఫర్మ్‌వేర్ వెర్షన్ అడిగారో సరిగ్గా అదే వేయండి, కొత్తదైతే ఇంకా మంచిదేమో అని సొంత తెలివి వద్దు.

శాతం 50 దగ్గరే కదలకుండా కూర్చుంటే కెర్నల్ కి మీ బ్యాటరీ ప్రొఫైల్ దొరకలేదేమో అని అనుమానించాలి, లోకల్ షాపులో వేరే కంపెనీ బ్యాటరీ వేయించుకున్న ఫోన్లలో ఇది ఎక్కువ. దీనికి "బ్యాటరీ స్టాట్స్ వైప్ చెయ్ బ్రో" అనే సలహా ఇప్పటికీ తిరుగుతోంది చూడండి, అది శుద్ధ దండగ. ఆ ఫైల్ ఏ యాప్ ఎంత తాగిందో లెక్క రాసుకునేది మాత్రమే, ఛార్జ్ శాతానికి దానికీ సంబంధం లేదని గూగుల్ ఆండ్రాయిడ్ ఇంజినీర్ డయాన్ హ్యాక్‌బోర్న్ 2012 లోనే చెప్పింది.

80 దగ్గర ఆగిపోతోందా? అయితే అది జబ్బు కాదు. లీనియేజ్ అనే రోమ్ లో సపోర్ట్ ఉన్న ఫోన్లకి బ్యాటరీ సెట్టింగుల్లో ఛార్జింగ్ కంట్రోల్ అని ఉంటుంది, ఆన్ అయి ఉందేమో చూడండి. ఫోన్ మీద పూర్తి అధికారం (రూట్) ఇచ్చే మ్యాజిస్క్ లో ఛార్జింగ్ కి హద్దు పెట్టే ఏసీసీ మాడ్యూల్ వేసుంటే అది మామూలుగా 75 దగ్గరే ఆపేస్తుంది.

వేడి గురించి కూడా చెప్పాలి. లిథియం బ్యాటరీ 45 డిగ్రీలు దాటితే ఫోన్లు మామూలుగా ఛార్జింగ్ తగ్గించేస్తాయి, లేదా ఆపేస్తాయి. కొత్త రోమ్ మొదటి రోజు యాప్‌లన్నీ దిగుతూ, ఫోటోలు సింక్ అవుతూ, ప్రాసెసర్ కాలిపోతూ ఉంటుంది, దానికి మే నెల విజయవాడ ఎండ తోడైతే ఛార్జ్ ఎక్కకపోవడంలో వింతేముంది. కవర్ తీసి, డేటా ఆపి, ఫ్యాన్ కింద పెట్టి ఒక రాత్రి ఆగండి.

పూర్తిగా సున్నాకి పోయి లోగో వచ్చి ఆరిపోతూ ఉంటే బటన్లు నొక్కుతూ ఉండకండి, నొక్కిన ప్రతిసారీ ఎక్కిన కాస్త ఛార్జ్ ని తాగేస్తుంది. మామూలు 5 వోల్టుల ఛార్జర్ కి పెట్టి గంటసేపు ముట్టుకోకండి. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచినట్టు ఉంటే మాత్రం ఇవేవీ వద్దు, ఛార్జర్ పీకేసి షాపుకి వెళ్ళండి.

చివరి దారి స్టాక్ కి, అంటే కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్ కి వెళ్ళడం. అక్కడా ఎక్కకపోతే అప్పుడు హార్డ్‌వేర్ అని నమ్మొచ్చు. షావోమీ వాళ్ళు కంప్యూటర్ నుంచి స్టాక్ ఎక్కించే మీఫ్లాష్ లో కింద "క్లీన్ ఆల్ అండ్ లాక్" అనేది ముందే టిక్ అయి ఉంటుంది, అది తీసేసి "క్లీన్ ఆల్" పెట్టుకోండి, వేరే రీజియన్ రోమ్ మీద లాక్ పడిందా ఫోన్ ఇటుకే, ఇక ఆన్ అవ్వదు. 2018 నుంచి పాత వెర్షన్ కి వెనక్కి పోనివ్వని యాంటీ రోల్‌బ్యాక్ కూడా ఉంది, రెడ్‌మీ నోట్ 5 ప్రో వాళ్ళకి బాగా తెలుసు, ఉన్నదానికంటే పాత మీయూఐ వేయకండి.

స్టాక్ లో బాగా ఎక్కి రోమ్ లో ఎక్కట్లేదంటే డెవలపర్ కి చెప్పండి, కానీ "బ్రో ఛార్జింగ్ నాట్ వర్కింగ్" అని కాదు. ఛార్జర్ ఎన్ని వాట్లు, ఫర్మ్‌వేర్ ఏ వెర్షన్, మూడు చోట్ల ఏమైంది, వీటితో పాటు కేబుల్ పెట్టిన నిమిషం లోపు తీసిన డీమెసేజ్ (dmesg) లాగ్, అంటే కెర్నల్ రాసుకునే చిట్టా జత చేయండి, దాని కోసం రూట్ కావాలి, ఫోన్ రీస్టార్ట్ అయితే ఆ లాగ్ పోతుంది కాబట్టి ముందే ఫైల్ గా సేవ్ చేసుకోండి.