చేయి తిరిగిన టెన్నిస్ ఆటగాళ్లు బరువైన రాకెట్‌కు మారడం ఎలా?

పన్నెండేళ్లపాటు నేను 300 గ్రాముల రాకెట్‌తోనే ఆడాను. డబుల్స్‌లో నెట్ దగ్గర నిలబడి, అవతలివారు బలంగా కొట్టిన బంతికి రాకెట్ సరిగ్గానే అడ్డుపెట్టేవాణ్ణి. కానీ బంతి కాస్త అంచు వైపు తగిలిందంటే పిడి అరచేతిలో మెలితిరిగేది, బంతి నెట్‌లో పడేది. లోపం నా మణికట్టుదేనని చాలాకాలం అనుకున్నాను. ఒకరోజు తోటి ఆటగాడి బరువైన రాకెట్ అడిగి తీసుకుని ఇరవై వాలీలు (బంతి నేలను తాకకముందే కొట్టే దెబ్బలు) ఆడాను. అంచుకు తగిలిన బంతి కూడా అవతలికి వెళ్లింది. బంతిని ఎదుర్కొనే బరువు నా రాకెట్‌కు లేదని అప్పుడు అర్థమైంది.

మీకూ ఇదే ఇబ్బంది ఉంటే బరువు పెంచుకోండి. అయితే వెంటనే దుకాణానికి వెళ్లకండి. చేతిలో ఉన్న రాకెట్‌కే కొద్దికొద్దిగా బరువు ఎక్కించి చూడండి. నచ్చకపోతే పది నిమిషాల్లో తీసేయవచ్చు.

ముందు తూకం వేయండి

రాకెట్ మీద రాసి ఉండే బరువు సాధారణంగా తీగలు లేని ఫ్రేముది. తీగలు బిగిస్తే సుమారు 15 నుంచి 18 గ్రాములు, పిడి మీద చుట్టే పలుచని పట్టీ, అంటే ఓవర్‌గ్రిప్ చుడితే మరో 5 గ్రాములు కలుస్తాయి. అంటే 300 అని రాసిన రాకెట్ మీ చేతిలో 320 గ్రాముల దాకా ఉంటుంది. వంటింట్లో వాడే డిజిటల్ కాటా దీనికి సరిపోతుంది.

తర్వాత రాకెట్‌ను పెన్సిల్ మీద అడ్డంగా నిలబెట్టి, ఎటూ ఒరగని చోటు చూడండి. పిడి అడుగు నుంచి అక్కడికి ఎంత దూరమో కొలవండి. మామూలు రాకెట్ పొడవు 68.5 సెంటీమీటర్లు, దాని మధ్య 34 పైచిలుకు. మీకు 33 వచ్చిందంటే బరువు పిడి వైపు మొగ్గి ఉన్నట్టు. ఈ రెండు అంకెలూ రాసి పెట్టుకోండి.

ఎంత బరువు అన్నదానికంటే ఎక్కడ అన్నదే ముఖ్యం

సుత్తిని పిడి పట్టుకుని ఊపి చూడండి, తర్వాత తల పట్టుకుని ఊపి చూడండి. బరువు అదే అయినా చేతికి ఎంత తేడా తెలుస్తుందో! రాకెట్‌లో ఈ తేడాను కొలిచే అంకెనే స్వింగ్‌వెయిట్ అంటారు. పిడి అడుగు నుంచి 10 సెంటీమీటర్ల పైన ఉన్న చోటును ఇరుసుగా తీసుకుని దీన్ని లెక్కిస్తారు. ఇరుసుకు దూరం రెట్టింపైతే ప్రభావం నాలుగు రెట్లు అవుతుంది. అందుకే ఒక గ్రాము రాకెట్ కొసన పెడితే స్వింగ్‌వెయిట్ మూడుకు పైగా పెరుగుతుంది, తలకు పక్కల పెడితే రెండు లోపే. పిడి మీద పెడితే దాదాపు ఏమీ పెరగదు.

తలను గడియారం అనుకుంటే కొస పన్నెండు, పక్కలు మూడు, తొమ్మిది. రాకెట్ మెలితిరగడం మీ ఇబ్బంది అయితే బరువు మూడు, తొమ్మిది దగ్గరే పెట్టాలి. పన్నెండు దగ్గర పెడితే బంతి వేగం పెరుగుతుంది కానీ రాకెట్ తిప్పడం బాగా కష్టమవుతుంది. మొదటి ప్రయత్నంలో అక్కడికి వెళ్లవద్దనే నేను చెబుతాను.

టేపు అంటించడం

దీనికి లెడ్ టేప్, అంటే సీసంతో చేసిన అంటుకునే పట్టీ వాడతారు. పొడి గుడ్డతో ఫ్రేమును తుడవండి. ఒక్కొక్కటి ఒక గ్రాము తూగేలా నాలుగు ముక్కలు కత్తిరించండి. ఫ్రేము లోపలి వైపు, తీగల వరుసకు ఇటొక ముక్క, అటొక ముక్క చొప్పున మూడు దగ్గర రెండు, తొమ్మిది దగ్గర రెండు అంటించండి. చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దితే టేపు ముడతలు లేకుండా ఫ్రేమును పట్టుకుంటుంది. సీసం విషం కాబట్టి పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, ముక్కలు పిల్లలకు అందనివ్వకండి. సీసం వద్దనుకుంటే టంగ్‌స్టన్ టేపు దొరుకుతుంది.

ఈ నాలుగు గ్రాములతో రాకెట్ తూగే చోటు రెండు, మూడు మిల్లీమీటర్లు తల వైపు జరుగుతుంది. తల బరువుగా అనిపిస్తే పిడి అడుగున, గ్రిప్ కింద రెండున్నర గ్రాముల టేపు చుట్టండి. తూకం మళ్లీ పాత చోటికి వస్తుంది.

చేతికి అలవాటు చేయడం

అనుభవజ్ఞులకు కష్టం ఇక్కడే వస్తుంది. ఏళ్ల తరబడి అలవాటైన సమయం చేతిలో ఉండిపోతుంది, బరువైన రాకెట్ ఆ సమయానికి అందదు. కుడిచేతి వాటం ఆటగాడు ఫోర్‌హ్యాండ్‌ను క్రాస్‌కోర్టుకు (ఐమూలగా అవతలి మూలకు) కొట్టాలనుకుంటే బంతి కోర్టు మధ్యలోకి వెళుతుంది. వెంటనే ఇంకా బలంగా ఊపాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి, భుజం నొప్పులు అక్కడే మొదలవుతాయి. బలం పెంచవద్దు, ముందుగా మొదలుపెట్టండి. బంతి నెట్ దాటేలోపే భుజాలు తిరిగిపోవాలి. పిడిని కాస్త వదులుగా పట్టుకోండి. సర్వ్ రిటర్న్‌లో రాకెట్‌ను వెనక్కి తీసుకెళ్లడం సగానికి తగ్గించండి, మిగతా పని బరువే చేస్తుంది.

మొదటి వారం నెట్‌కు అటూ ఇటూ ఉండే సర్వీస్ బాక్సుల మధ్య చిన్న ఆట, నిదానమైన ర్యాలీలు చాలు. రెండో వారం సర్వులు కలపండి, రోజుకు ముప్ఫై దాటవద్దు. మూడో వారంలో ఒక సెట్టు ఆడండి. మొదటి పది నిమిషాల్లో బరువైన రాకెట్ ఎప్పుడూ అద్భుతంగానే ఉంటుంది, ఆ మాట నమ్మకండి. గంటన్నర ఆడి చొక్కా తడిసి ముద్దయ్యాక, వెనకబడి పరిగెత్తుతూ కొట్టిన బ్యాక్‌హ్యాండ్ ఎలా వెళ్లిందో చూసి నిర్ణయించండి. ఈ వారాల్లో తీగల రకం గానీ బిగువు గానీ మార్చకండి, ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియకుండా పోతుంది.

మర్నాడు నిండు నీళ్ల సీసా ఎత్తినప్పుడు మోచేయి బయటి వైపు నొప్పి పెడితే ఆట ఆపి, నొప్పి తగ్గాక రెండు గ్రాములు తీసేసి ఆడండి. నొప్పి వదలకపోతే వైద్యుడికి చూపించండి.

టోర్నమెంట్ల మధ్యలో మాత్రం మారకండి. ఫెదరర్ అంతటివాడు 2013 జులైలో పెద్ద తల రాకెట్‌తో హాంబర్గ్, గ్స్టాడ్ టోర్నీలు ఆడి ఓడాడు. దాన్ని పక్కన పెట్టి పాత 90 చదరపు అంగుళాల రాకెట్‌తోనే యూఎస్ ఓపెన్ ఆడాడు. 2014 సీజన్ మొదట్లో 97కు మారాడు. ఆయన పేరుతో అమ్మిన ఆ రాకెట్ తీగలు లేకుండానే 340 గ్రాములు. మనలాంటి వారాంతపు ఆటగాళ్లు నేరుగా అక్కడికి వెళ్లకూడదు.

కొనేటప్పుడు

రెండు నెలలు హాయిగా ఆడగలిగితే టేపు అలాగే ఉంచవచ్చు, లేదా ఆ అంకెలకు దగ్గరగా ఉన్న ఫ్రేము కొనవచ్చు. 305, 310 గ్రాముల ఫ్రేములు చాలా కంపెనీలు చేస్తున్నాయి. రెండు కొనేవారు కాటా వెంట తీసుకెళ్లండి. ఒకే మోడల్‌లో కూడా కొన్ని గ్రాముల తేడా ఉంటుంది. దుకాణదారుడిని అడిగి నాలుగైదు తూచి, దగ్గరగా ఉన్న జత తీసుకోండి. మిగిలిన తేడాను ఇంటికి వచ్చాక టేపుతో సరిచేయండి.