సొర పిందె రాలిపోతోందా?
మేడ మీద సొరపాదు నిండా పూలే, పిందె మాత్రం వేలెడంత కాకముందే పసుపెక్కి రాలిపోతుంది. టెన్షన్ పడి యూరియా గుప్పించకండి. నత్రజని ఎక్కువైతే ఆకులే బలుస్తాయి. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, అప్పటికి తేనెటీగలు గూటికి చేరతాయి. రాత్రి తిరిగే రెక్కల పురుగులు మా మూడో అంతస్తు దాకా రావద్దూ! పువ్వుకు పుప్పొడి అందకే పిందె రాలుతుంది, అది అంటించే పని మనమే చేయాలి.

పువ్వు కింద బుల్లి సొరకాయ ఉంటే ఆడది, ఉత్త కాడ ఉంటే మగది. దీపాలు పెట్టే వేళ, అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రెక్కలు వెనక్కి వలిచి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మూడు పాయలుగా ఉన్న కీలాగ్రానికి మెల్లగా రాయండి. మూడు పాయలకూ అంటాలి, లేకపోతే కాయ వంకర తిరగొచ్చు. బ్రష్ జోలికి నేను పోను, పుప్పొడి సగం దాని కుచ్చుకే పోతుంది.

బీరకూ ఇదే వేళ. గుమ్మడికి, దోసకు మాత్రం పొద్దున్నే.